తూలింది పీరు కాదు

ఆదోని,
5 మే 2025.

తమ్ముడు ఖలందర్‌కు అక్క లాలాబీ సలాం.

నువ్వూ కాశింబీ చల్లగా ఉండాలని రాయబోయాను గానీ, ఈ ఎండల్లో ఎమ్మిగనూరులో చల్లగా ఉండేదెవరు? ఇక్కడా అంతే. బొంత కుట్టడానికి కూర్చుంటే చేతి చెమటకు సూది జారిపోతోంది. ఈ నెల మూడు బొంతలే అయ్యాయి. పాత చీరలు తెచ్చిచ్చినవాళ్ళు మాత్రం వానలు పడేలోగా కావాలని రోజూ వచ్చి తలుపు కొడుతున్నారు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమని కాశింబీ నవ్వుతుందేమో. నవ్వనీ. నీ ఎడమ చెవికి ఎంత అరిచినా గోడకు చెప్పినట్టే, కుడి చెవీ అదే దారి పట్టింది. పోయిన నెల నేను ఫోన్లో నీతో మాట్లాడుతుంటే ఇంట్లో కొట్లాట జరుగుతోందని పక్కింటివాళ్ళు విడిపించడానికి వచ్చారు. దానికన్నా ఈ ఐదు రూపాయల కవరే నయం.

ముస్రత్‌కు పని దొరికింది. ఇక్కడ చెవి, ముక్కు, గొంతు చూసే ఒక డాక్టరమ్మ దగ్గర. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, బాధ రాసుకొని లోపలికి పంపాలి. డాక్టరమ్మది గుంటూరు వైపు. మన వాళ్ళ మాట ఆమెకు సగమే తెలుస్తుంది, మిగతా సగం నా కూతురే విప్పి చెప్పాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. పత్తి షావుకారు దగ్గర గుమాస్తా ఆంజనేయులు లేడూ, అతను మొన్న ఎమ్మిగనూరుకు వచ్చి వెళ్ళాడట. నా గడప ముందు నిలబడి, నలుగురూ వినేటట్టు చెప్పాడు. "మీ తమ్ముడు నడిమధ్యాన్నం కూరగాయల మార్కెట్టు కాడ గోడ పట్టుకొని తూలుతాండాడు మ్మా. ఏందన్నా అని పలకరిస్తే తల గూడ ఎత్తల్యా." నాకు తల కొట్టేసినట్టయింది.

ఖలందర్, నీకు యాభై నాలుగేళ్ళు. నాయన ముప్పై ఏళ్ళు పీర్ల పండగలో పెద్ద పీరును ఎత్తాడు, ఆయన తర్వాత పదకొండేళ్ళుగా నువ్వు ఎత్తుతున్నావు. ఆ చేతులతో ఇంకేం పట్టుకుంటున్నావో నువ్వే చూసుకో. అంతకన్నా రాయలేను.

నీ అక్క,
లాలాబీ

ఎమ్మిగనూరు,
14 మే 2025.

అక్కకు సలాం.

ఉత్తరం అందింది. నువ్వు నన్ను అడగలేదు, నేరుగా శిక్ష వేశావు. ఆంజనేయులు మాటకున్న విలువ నా యాభై నాలుగేళ్ళకు లేకపోయింది.

నేను తాగను. పెళ్ళికి ముందు ఒక్కసారి కల్లు తాగిన మాట నిజం. ఆ రోజు నాకు మజ్జిగ తాపించి, నాయనకు తెలియకుండా దూది బస్తాల వెనక పడుకోబెట్టింది నువ్వే. మళ్ళీ ముట్టలేదు. మార్కెట్టు దగ్గర ఎండకు కళ్ళు తిరిగాయి, గోడ పట్టుకున్నాను. తల ఎత్తితే వాంతి అవుతుందని ఎత్తలేదు. అంతే. దీనికి కూడా పంచాయితీ పెట్టాలా?

ఇక్కడ కాశింబీదీ అదే పాట. "పక్కన నిలబడి పిల్చినా పలకవు. నిలబడినోనివి నిలబడినట్టే తూలుతావు. తిక్కోనితో కాపరం సేస్తాండా" అని వీధి గుమ్మంలో నిలబడి చెబుతుంది. వినే వాళ్ళకు వేడుకగా ఉంది. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నన్ను ఒకసారి కిందికీ పైకీ చూసి, తర్వాత దూది చూస్తున్నారు.

ముస్రత్‌కు పని దొరికినందుకు సంతోషం. మీ ఇంట్లో బుద్ధి ఉన్నది అది ఒక్కతే.

మరొక మాట. ఈ ఏడు పీరును ఎత్తడం నావల్ల కాదు. పీర్ల చావిడి పెద్దలకు ఇంకా చెప్పలేదు. ఎందుకని మాత్రం అడగొద్దు.

తమ్ముడు,
ఖలందర్

ఆదోని,
22 మే 2025.

ఖలందర్‌కు,

అడగొద్దంటే అడగకుండా ఉండటానికి నేనేం పరాయిదాన్నా?

నువ్వు తాగలేదని రాశావు. సరే, నమ్మాను. ఆ కిందనే పీరును ఎత్తనని రాశావు. అది చదివాక నమ్మింది కాస్తా పోయింది. ఒళ్ళు శుద్ధిగా లేనివాడే పీరుకు భయపడతాడని నాయన అనేవాడు. తప్పు చేసి ఉంటే ఒప్పుకో. నలభై రోజులు మానెయ్యి. కావాలంటే నేను వచ్చి ఉంటాను. అంతేగానీ ఇంటి పేరు మోసే పని మరొకడి చేతిలో పెట్టకు.

నిజంగానే కళ్ళు తిరుగుతున్నాయంటే చక్కెర జబ్బేమో చూపించుకో. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగు, ఉప్పు బాగా వెయ్యి. ఎండలో బోడి తలతో తిరగకు, ఉన్న నాలుగు వెంట్రుకలు నీడకు చాలవు.

నేను ఈ ఏడు పీర్ల పండగ పదో రోజుకు ముస్రత్‌ను తీసుకొని ఎమ్మిగనూరుకు రావాలనుకున్నాను. ఆస్పరి నుంచి దానికి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు తన్వీర్, కరెంటు పని చేస్తాడు. ఇది అవుననదు, కాదనదు. పీరు కాళ్ళకు నీళ్ళు పోసి అడుగుదామని నా ఆశ. మీ వీధి తులసమ్మకు చెప్పినట్టు నాకూ ఒక గుర్తు చూపిస్తే చాలు.

తులసమ్మ పోయిన నెల ఇక్కడికి వాళ్ళ చుట్టాలింటికి వచ్చినప్పుడు మా ఇంటికీ వచ్చింది. "మీ తమ్ముని మీదికి పీరు వచ్చి, నా బుజాన సెయ్యేసినాడు లాలాబీ. నా కొడుకు మధు వస్తాడని మాటిచ్చినాడు" అని చెప్పింది. నా తమ్ముడి గురించి అంత గొప్పగా ఎవరైనా చెప్పడం అదే మొదటిసారి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అలాంటి చెయ్యి నీది. ఆలోచించుకో.

అక్క,
లాలాబీ

ఎమ్మిగనూరు,
3 జూన్ 2025.

అక్కకు,

పది రోజులు జవాబు రాయలేదు. కోపం కాదు. నువ్వు తులసమ్మ పేరు రాయకపోయి ఉంటే ఇప్పుడూ రాసేవాణ్ణి కాదు. ఈ ఉత్తరం కాశింబీకి కూడా చూపించలేదు. నువ్వు చదివి చించెయ్యి.

పోయిన ఏడు పదో రోజు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. మధ్యాహ్నం పీర్లను నీళ్ళకు తీసుకుపోతున్నాం. పెద్ద పీరు నా భుజం మీద ఉంది. దాని బరువు నీకు తెలుసు. వెదురు కట్టె, పైన వెండి పంజా, ఏటేటా మొక్కినవాళ్ళు కట్టిన దస్తీ గుడ్డలు, పూలదండలు. చావిడి దాటి తులసమ్మ వీధిలోకి తిరగ్గానే నా ఎడమ చెవిలో మోత మొదలైంది. పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర నిలబడితే ఎలా ఉంటుందో అలా. ఆ తర్వాత వీధి తిరగడం మొదలుపెట్టింది. ఇళ్ళూ మనుషులూ తప్పెట్లు కొట్టేవాళ్ళూ, అందరూ కుడినుంచి ఎడమకు పోతున్నారు. నేను నేల మీదే ఉన్నాను, కానీ నేల ఎక్కడుందో తెలియలేదు.

అందరూ పీరు వచ్చాడు, పీరు వచ్చాడు అన్నారు. తప్పెట్ల జోరు పెంచారు. నాకు ఒకటే భయం. నేను పడితే పడ్డాను, పీరు నేలకు తగలకూడదు. అప్పుడే తులసమ్మ బిందెతో వచ్చి నా కాళ్ళకు నీళ్ళు పోసింది. "నా కొడుకు వస్తాడా రాడా, సెప్పు సామీ" అంది. నేను ఆమె మొహం కూడా చూడలేదు అక్కా. చేతికి ఏది దొరికితే అది పట్టుకున్నాను. దొరికింది ఆమె భుజం. కడుపులో తిప్పుతుంటే ఊ అని మూలిగాను. ఆమె దాన్ని అవునని తీసుకుంది. వీధంతా దండం పెట్టింది.

మరునాడే చెప్పి ఉంటే ఒక మాటతో పోయేది. సిగ్గుపడ్డాను. చావిడి పెద్దలు నాకు పూలదండ వేశారు, దాంతో నోరు లేవలేదు. అది కూడా నిజమే, దాచను. వారం తర్వాత చూస్తే తులసమ్మ రోజూ సాయంత్రం ఐదుకు ఇంటి ముందు నూలు కండెలు చుట్టే రాట్నం మూలకు పెట్టి, ముఖం కడుక్కొని బస్టాండుకు పోతోంది. బెంగళూరు బస్సు వచ్చి, అందరూ దిగిపోయేదాకా నిలబడి వస్తుంది. మధు బెంగళూరు బస్సెక్కి వెళ్ళిపోయి రెండేళ్ళు. మగ్గం మీద నాకు బతుకు లేదని తల్లితో గొడవపడి పోయాడు. ఒక్క కబురు లేదు. ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు.

నా దుకాణం ముందు నుంచే ఆమె పోవాలి. ఏడాదిగా రోజూ ఐదుకు నేను ఏదో వంకతో లోపలికి పోతున్నాను. మాట ఇవ్వనివాణ్ణి, ఇచ్చినవాడినయ్యాను. కళ్ళు తిరుగుడు ఆ తర్వాత ఎనిమిదిసార్లు వచ్చింది. మార్కెట్టు దగ్గర వచ్చింది ఎనిమిదోది. మళ్ళీ పీరు కింద వస్తే, మళ్ళీ ఇంకొక తల్లి అడిగితే నేనేం చెయ్యాలి?

అందుకే ఎత్తనన్నాను. నీ కూతురి పెళ్ళిని నా కళ్ళు తిరుగుడుకు ముడిపెట్టకు.

ఖలందర్

ఆదోని,
10 జూన్ 2025.

ఖలందర్‌కు,

బక్రీదు నాడు వండిన కూర నా గొంతు దిగలేదు. ముస్రత్ బాగుందంది, నాకు మట్టి తిన్నట్టుంది.

నువ్వు ఎంత తేలిగ్గా రాశావు! పీరు కాదట, కళ్ళు తిరుగుడట. నీకు తెలియకుండా పీరే నిన్ను ఊపలేదని ఎలా చెప్పగలవు? మరి నాయన? నేను లంగా ఓణీల వయసు నుంచి ఆయన కాళ్ళకు నీళ్ళు పోశాను. పది పాసవుతానా అని అడిగితే కళ్ళు మూసుకొని తల ఊపాడు. ఫెయిలయ్యాను. నేనే సరిగ్గా అడగలేదనుకున్నాను గానీ ఆయన్ను ఒక్కనాడూ అనుమానించలేదు. మీ బావకు జబ్బు చేసినప్పుడు కూడా నాయన మోసిన పీరుకే మొక్కాను. ఇప్పుడు అదంతా కూడా కళ్ళు తిరుగుడే అంటావా? నాకు జవాబు కావాలి.

లాలాబీ

మామా, నేను ముస్రత్‌ను. అమ్మ ఏడుస్తూ రాసి, కవరు అంటించమని నా చేతికిచ్చింది. చదివాను. నీ ఉత్తరం కూడా చదివాను, అమ్మ దాన్ని చించలేదు. తప్పే, తర్వాత తిట్టు.

నాకు ఒక సంగతి చెప్పు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో రోజుకు పదిమందైనా తల బాగాలేదనే వస్తారు. ఒక్కొక్కరు ఒక్కో మాట అంటారు. డాక్టరమ్మకు తెలియడానికి నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. దిమ్ముగా ఉంది అంటే తల బరువు, నిద్ర చాలని రోజు వచ్చేది. కళ్ళు చీకట్లు కమ్మాయంటే గబుక్కున లేచినప్పుడు వచ్చేది. సొమ్మసిల్లానంటే తెలివి తప్పి పడిపోయారని. మన దూదేకుల ఇళ్ళలో మాట్లాడేది తెలుగే అయినా దీనికి మాత్రం చక్కర్ అంటారు, ఏది వచ్చినా అదే మాట, అడిగితే గానీ తేలదు. ఊరికే ఒకరకంగా, తిక్కతిక్కగా ఉంది అని చెప్పి తలదించుకునేవాళ్ళు కొందరు ఉంటారు. వెంట వచ్చిన ఇంటివాళ్ళు నవ్వుతారు. డాక్టరమ్మ నవ్వదు. వాళ్ళనే ఎక్కువసేపు అడుగుతుంది.

నీది ఏది మామా? నువ్వు తిరుగుతున్నట్టు ఉంటుందా, చుట్టూ ఉన్నవి తిరుగుతాయా? ఎంతసేపు? చెవిలో మోత ముందు వస్తుందా, తర్వాతా? తెలివి ఉంటుందా? సిగ్గుపడకుండా రాయి.

ఎమ్మిగనూరు,
16 జూన్ 2025.

అక్కకూ, దొంగతనంగా ఉత్తరాలు చదివే మేనకోడలికీ,

ముందు అక్కకు. నాయన సంగతి నాకు తెలియదు. ఆయన ఊగేవాడు గానీ పడబోలేదు, ఎవరినీ పట్టుకోలేదు. దిగాక వాంతి చేసుకోలేదు, శుభ్రంగా రెండు గిన్నెలు బువ్వ తినేవాడు. ఆయన మీదికి ఏం వచ్చిందో ఆయనకూ పీరుకూ తెలుసు. నేను చెప్పింది నా ఒంటి సంగతి ఒక్కటే. నీ మొక్కులకు నేను అడ్డం రాను.

పది ఫెయిలైనందుకు మాత్రం పీరును అనొద్దు. లెక్కల పరీక్ష నాడు నువ్వు ఎక్కడున్నావో నాకు తెలుసు, సర్కసు డేరా దగ్గర.

ఇప్పుడు ముస్రత్‌కు. ఇన్నాళ్ళూ అందరూ తూలావా, తాగావా, ఎండా, తిండి తినలేదా అన్నారు. ఎలా ఉంటుందని అడిగినదానివి నువ్వే. రాస్తున్నాను. నేను తిరగను, చుట్టూ ఉన్నవే తిరుగుతాయి, ఎప్పుడూ ఒకే వైపు. కళ్ళు మూసుకున్నా ఆగదు. ముందు ఎడమ చెవి మూసుకుపోయినట్టు బిగుస్తుంది, మోత వస్తుంది, ఆ తర్వాత మొదలవుతుంది. అరగంట, ఒక్కోసారి రెండు గంటలు. వాంతి అవుతుంది. తగ్గాక రెండు రోజులు కొత్తగా ఏకిన దూది మీద నడిచినట్టుంటుంది. తెలివి ఒక్కసారీ పోలేదు. పోయి ఉంటే తులసమ్మ విషయంలో నా తప్పు లేదని అనుకునేవాణ్ణి.

మీ అమ్మ చెప్పినట్టు ఉప్పు నీళ్ళు లీటర్లు లీటర్లు తాగుతున్నాను. ఇంకా ఎక్కువైంది.

ఖలందర్

ఆదోని,
25 జూన్ 2025.

తమ్ముడు ఖలందర్‌కు అక్క సలాం.

నువ్వు వచ్చి ముస్రత్ వాళ్ళ డాక్టరమ్మకు చూపించుకొని పోయి నాలుగు రోజులైంది. ఉప్పు నీళ్ళని నీ ఉత్తరంలో చదవగానే ముస్రత్ నా వైపు చూసిన చూపు నీకు చూపించలేను. మళ్ళీ సారి ఎవరికీ వైద్యం చెప్పనని దాని ముందు చెంపలు వేసుకున్నాను.

గది బయట కూర్చున్నాను గదా, నువ్వు మందులు కొనడానికి పోయినప్పుడు డాక్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. నీ చెవి వినకపోవడమూ కళ్ళు తిరగడమూ వేరువేరు జబ్బులు కావట. చెవి లోపల, మనిషిని నిలబెట్టే చోట ఏదో ఒత్తిడి పెరిగిందట. ఉప్పు తగ్గించాలి, మాత్రలు వేసుకోవాలి, ఎత్తు ఎక్కకూడదు, భుజాన బరువు మోయకూడదు. పోయిన వినికిడి రాకపోవచ్చు, కళ్ళు తిరుగుడు మాత్రం చాలావరకు అదుపులో ఉంటుందని చెప్పింది. "ఇన్నాళ్ళూ ఈయన్ని ఎవరూ ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని అడిగింది. గోడకు చెప్పినట్టే అని నవ్వింది నేనే గదా.

ఖలందర్, నిన్ను తాగుబోతు అనుకున్నాను. కడుపులో పెట్టుకోకు. ఆంజనేయులును పట్టుకొని గడప ముందే కడిగేశాను. నలుగురూ వినేటట్టే. "నాకేం తెలుసమ్మా, సూసింది సెప్పినా" అన్నాడు. నిజమే, అతను చూసింది చెప్పాడు. దానికి పేరు పెట్టింది నేను.

నాయన సంగతి నువ్వు రాసిన తర్వాత మూడు రోజులు ఆలోచించాను. నా మొక్కు నాది, నీ చెవి నీది. అక్కడితో వదిలేశాను. ముస్రత్ కూడా ఒక మాట తేల్చింది. ఆస్పరి అబ్బాయి ఫోన్ నంబరు తీసుకొని "నేనే అడుగుతా, నాకు తెలియాల్సింది పీరును ఎందుకు అడగల్ల?" అంది. మా కాలంలో అయితే చీపురు తిరగేసేవాళ్ళు. అడగనిచ్చాను.

ఒక్కటి మాత్రం నా మాట విను. తులసమ్మకు చెప్పకు. నువ్వు పీరును ఎత్తకు, చెవి బాగాలేదని చెప్పు, అందరూ అర్థం చేసుకుంటారు. కానీ ఆమెకు ఆ మాట చెప్పి ఏం బావుకుంటావు? నీ గుండె బరువు తగ్గుతుంది, ఆమె గుండె పగులుతుంది. ఆ ముసలామెకు రోజూ ముఖం కడుక్కొని బయటికి పోవడానికి ఆ ఒక్క కారణమే ఉంది. దాన్ని తీసుకోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అక్క,
లాలాబీ

ఎమ్మిగనూరు,
8 జూలై 2025.

అక్కకు ఖలందర్ సలాం.

మాత్రలు వేసుకుంటున్నాను. ఉప్పు లేని పప్పు తింటున్నాను, దానికన్నా కళ్ళు తిరుగుడే నయమని రెండుసార్లు అనిపించింది. కాశింబీ ఇప్పుడు తిక్కోడు అనడం మానేసింది. కుడి పక్కకు వచ్చి నిలబడి మాట్లాడుతుంది. మంచి మాటలే, కానీ అలవాటు లేక నాకు భయంగా ఉంది.

నీ మాట వినలేదు అక్కా. తులసమ్మకు చెప్పేశాను.

పీర్లను నిలబెట్టిన నాడే పెద్దలకు చెవి సంగతి చెప్పాను. వాళ్ళు ఒప్పుకోలేదు. "పోయినేడు నీ మీదికి వచ్చినట్ల పీరు ఎవరి మీదికీ రాల్యా. నువ్వు ఎత్తకుంటే ఎట్లప్పా?" అన్నారు. ఆ మాట విన్నాక ఇంక ఉండలేకపోయాను. ఏడో రోజు పొద్దున తులసమ్మ ఇంటికి పోయాను. ఆమె కండెలు చుడుతోంది. ఎదురుగా కూర్చొని, నీళ్ళు నమలకుండా చెప్పేశాను. "పెద్దమ్మా, పోయినేడు నీ బుజం పట్టుకునింది పీరు కాదు, నేను. కండ్లు తిరిగి పడబోతా పట్టుకున్న్యా. నీ కొడుకు సంగతి నాకేం తెల్దు. ఊ అన్నది గూడ కడుపులో తిప్పినందుకే."

ఆమె రాట్నం ఆపలేదు. చేతిలో ఉన్న కండె నిండేదాకా చుట్టి, తీసి బుట్టలో వేసింది. నేను తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే పోయాను.

"నాకు ఆ పొద్దే తెల్సు నాయనా" అంది. "మా ఆయన జబ్బుతో పడుకున్నప్పుడు మూడేండ్లు లేపి నిలబెట్టినా. పడిపోయే మనిసి పట్టుకుంటే ఎట్లుంటాదో ఈ బుజానికి తెల్దా? నేను గట్టిగా నిలబడల్యా అంటే నువ్వూ పీరూ ఇద్దరూ నా మీదనే పడుంటిరి."

మరి పీరు మాటిచ్చాడని ఊరంతా ఎందుకు చెప్పావని అడిగాను.

"సెప్పకపోతే నన్ను బస్టాండుకు పోనిస్తారా?" అంది. "అంతకు ముందు గూడ అప్పుడప్పుడు పోతాంటి. ఈదిలో నవ్వుతాండ్రి. పోయినోడు వస్తాడా, ముసల్దానికి తిక్క పట్టింది అని. మా మరిది అయితే తలుపు గొళ్ళెం పెట్టె. పీరు సెప్పినాడంటే ఎవురూ నవ్వల్యా, ఎవురూ ఆపల్యా. నేను ఎదురు సూసేది పీరు సెప్పినాడని కాదు ఖలందరూ, కన్నాను గనక. నువ్వు ఇప్పుడు చావిడి కాడ నిలబడి నిజం సెప్తే, రేపట్నుంచి మళ్ళా నేను తిక్కదాన్నే."

అక్కా, ఏడాది పాటు ఆమెను మోసం చేశానని కుమిలిపోయాను. ఆమెకు నాకన్నా ఎక్కువ తెలుసేమోనని ఒక్కసారీ తోచలేదు. నువ్వు కూడా ఆమె గుండె పగులుతుందన్నావు. మనిద్దరం ఆమెను చిన్నపిల్లను చేశాం. తిక్క అనే మాట నా మీద పడితే ఎలా ఉంటుందో ఈ ఏడాదిలో నాకు తెలిసింది. గోడ పట్టుకొని నిలబడినప్పుడు కళ్ళు తిరుగుడు కన్నా చుట్టూ ఉన్నవాళ్ళ నవ్వే ఎక్కువ బాధ పెట్టింది. ఆ మాట నేను మళ్ళీ ఆమె మీద వెయ్యలేను.

చావిడిలో నిజం చెప్పలేదు. అబద్ధమూ చెప్పలేదు. డాక్టరు కాగితం చూపించి, బరువు మోయకూడదన్నారని పెద్ద పీరును మన చిన్నాయన కొడుకు చేతికిచ్చాను. పోయినేటి గురించి ఎవరు అడిగినా, అది తులసమ్మనే అడగండి అన్నాను. పదో రోజు నేనూ అందరితో పాటు రోడ్డు పక్కన నిలబడి, బిందెతో పీరు కాళ్ళకు నీళ్ళు పోశాను. ఏమీ అడగలేదు.

నిన్న సాయంత్రం ఐదుకు తులసమ్మ దుకాణం ముందు నుంచి పోతుంటే నేను లోపలికి పోలేదు. దుకాణానికి తాళం వేసి వెంట నడిచాను. ఆమె కొడుకును తెచ్చివ్వడం నావల్ల కాదు, రాడని చెప్పడానికీ నేనెవరు? పక్కన నిలబడటం మాత్రం నావల్ల అవుతుంది. బస్టాండులో టీ బంకువాడు మమ్మల్ని చూసి "ఏందన్నా, నువ్వు గూడానా?" అని నవ్వాడు. నవ్వనిచ్చాను. ఇద్దరి మీద పంచితే ఒక్కొక్కరికీ సగమే వస్తుంది.

బస్సు ఆరుంపావుకు వచ్చింది. పద్నాలుగు మంది దిగారు. ఆమె ప్రతి మొహమూ చూసింది, నేనూ చూశాను. మధు లేడు. డ్రైవరు దిగి తలుపు వేసేదాకా ఉన్నాం. తర్వాత ఆమె కొంగు దులుపుకొని "పా నాయనా, పోదాం. రేపు గూడ వస్తావా?" అంది. వస్తానన్నాను.

ఇంకా చాలా రాయాలి గానీ ఇప్పుడు నాలుగున్నర అయింది. ముఖం కడుక్కోవాలి.

నీ తమ్ముడు,
ఖలందర్